ఖాళీలు కూడా లెక్కే

రెండు వేల అక్షరాలు, ఖాళీలతో కలిపి.
ఖాళీలు కూడా లెక్కేనట.

కెంటకీ కొండల్లో, లిక్ ఫోర్క్ లోయలో
మా అవసరమేమిటో ఆ పెట్టెలో పట్టేట్టు చెప్పాలి.
ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు నడిపినదాన్ని,
మలుపులడిగితే కళ్లు మూసుకుని చెప్తాను.
అవసరం చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

మా వాలంటీర్ ఫైర్ స్టేషన్‌కి ఒకటే ట్యాంకరు.
చీఫ్ హార్లిస్ కంటే రెండేళ్లు పెద్దది,
అతనికంటే ఎక్కువ దగ్గుతుంది.
చలికి పంపు గడ్డకడితే
హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని దాని పక్కన కూర్చుంటాడు డ్యువీ,
పెళ్లికూతురి జుట్టు ఆరబెడుతున్నట్టు.

ముందు వెతుకులాట.
లైబ్రరీలో రోవెనా తెర మీద జాబితా తెరిచింది.
ఒక ఫౌండేషన్ నదిలో ఆల్చిప్పలకే ఇస్తుంది.
ఒకటి, ఇదివరకు తీసుకున్నవాళ్లకే.
ఇంకొకటి ఉత్తరాన పెద్ద నగరంలోది,
దాని సొమ్మంతా ఇలాంటి కొండల కడుపులోంచి తోడిన బొగ్గే.
ఇప్పుడది ఒపెరాకి ఇస్తోంది.
నవ్వాను. బయటికొచ్చి కారులో కూర్చున్నాక
అంత నవ్వు రాలేదు.

మిగిలింది సర్కారు.
దానికి ముందు మాకో నంబరుండాలి,
నంబరుకి చిరునామా రుజువుండాలి.
మా కరెంటు బిల్లు చర్చి పేరు మీద వస్తుంది.
నంబరొచ్చేసరికి ఐదు వారాలు.
ఆ ఐదు వారాల్లో మూడు మంటలు.
ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఏమిటో
ఎవరైనా నన్నడగండి,
నేను తవ్వింది కాగితం మీద.

చల్లకొచ్చి ముంత దాచకూడదు, నిజమే.
కానీ ముంతకి చిల్లుందని ఎంత గట్టిగా చెప్పాలి?
తక్కువ చెప్తే అవసరం లేదంటారు,
ఎక్కువ చెప్తే చేతకాదంటారు.

అడిగింది ముప్పై ఎనిమిది వేలు: పంపు, గొట్టాలు.
అందులో నూటికి ఐదు మా వాటా.
చర్చి కింది గదిలో చిక్కుడు గింజలు ఉడికించి అమ్మాం.
పంతొమ్మిది వందల పన్నెండు డాలర్లు, ఒక కోటు బొత్తాం.
పన్నెండు డాలర్లు ఎక్కువే.
బొత్తాం ఏ పద్దులో రాయాలో తెలియలేదు.

తర్వాత ఆ పెట్టె.
రోవెనా నేర్పిన మాటలు పేర్చాను:
సమగ్రం, సుస్థిరం, భాగస్వామ్యం.
ఒక్కోటీ గచ్చు మీద కొత్త బూటులా చప్పుడు చేసింది.
వాటి కింద వర్డీ స్టిడమ్ ఇల్లు రాశాను.
వెళ్లడానికి పంతొమ్మిది నిమిషాలు,
ఆర్పడానికి నాలుగు నిమిషాల నీళ్లు,
మళ్లీ వాగు దాకా పోయి నింపుకొచ్చేసరికి
పొయ్యి గొట్టం ఒక్కటే నిలబడి ఉంది.
వాకిట్లో రగ్గు కప్పుకుని వర్డీ అంది కదా,
"ఫ్రిజ్‌లో ఆపిల్ పై ఉండె. మీకు పెట్టాల్సింది."

తెర ఎర్రబడింది. అరవై ఒక్క అక్షరాలు ఎక్కువట.
పై తీసేశాను.
లేచి కాఫీ పెట్టుకున్నాను.
తాగకుండానే వచ్చి
సమగ్రం తీశాను, సుస్థిరం తీశాను,
పై తిరిగి ఫ్రిజ్‌లో పెట్టాను.
చదివేవాడు తినకపోతే పోనీ.

ఆఖరి రోజు రాత్రి మా కొండ మీద నెట్ లేదు.
లైబ్రరీ తాళం వేసి ఉన్నా సిగ్నల్ వదిలి వెళ్లింది రోవెనా.
పార్కింగులో కారు, ఒళ్లో లాప్‌టాప్, పైన వాన.
పదకొండు నలభై ఆరుకి మీట నొక్కాను.
తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది.

నడుముకున్న పేజర్ మోగింది.
లారెల్ బ్రాంచి, ట్రైలరు ఇల్లు, లోపల మనుషులు.

ఇక్కణ్ణుంచి కదిలితే సిగ్నల్ పోతుంది.
ఆ చక్రాన్ని ఎంతసేపు చూశానో నిజంగా గుర్తులేదు,
ఒక ఊపిరంత అయ్యుండొచ్చు. రెండేమో.
దిగి, లైబ్రరీ చూరు కింద మెట్టు మీద దాన్ని పెట్టి
నా రెయిన్‌కోటు గుడారంలా కప్పి
తడుస్తూ స్టీరింగు పట్టుకున్నాను.

మలుపు తిరిగే ముందు అద్దంలో చూశాను:
కోటు కింద నీలంగా, మినుకుమంటూ,
ఇంకా ఏదో అడుగుతూనే ఉంది.