నడి దూలానికి కొక్కెం

ఈ దుకాణానికి ఆరు పేర్లు మారినయి.
నడి దూలానికి కొక్కెం ఒక్కటే.

బాదేపల్లి బజార్ల, గంజుకు మళ్ళే మూల మీద,
తలుపు నెత్తిన చెక్కిన ఏడు: ఫస్లీ పదమూడు వందల నలబై ఒకటి.
సున్నం మీద సున్నం పూసి పూసి
చివరి ఒకటి మునిగిపోయింది.

హస్తీమల్ సేటు అడ్తి నడిచిన రోజుల్ల
ఆ కొక్కేనికి తరాజు.
మనిషి కూసునేంత పళ్ళెం.
మా నాయిన కుర్మయ్య ఒకనాడు కూసున్నడట,
బీడీకట్ట పందెం.
అటు దిక్కు పల్లికాయ బస్తా.
బస్తానే కిందికి దిగింది.
హమాలీలంత నవ్విండ్రు, నాయిన కూడ.

బస్తాకు రెండు కిలోల తరుగు:
మట్టికి ఒకటి, తేమకు ఒకటి.
"తేమ యాడిది సేటూ,
వానే పడకపాయె" అన్నడట ఒక రైతు.
ఆ మాట మా ఇంట్ల
అన్నం కాడ, పంచాయితీల కాడ,
సచ్చేదాక చెప్పిండు నాయిన.

సేటు కొడుకులు బేగంబజారు చేరినంక
ఎరువుల గోదాము. గోడలకు ఇప్పటికీ ఆ ఘాటు,
వానాకాలం ఒకింత లేస్తది.
తర్వాత బట్టల దుకాణం.
కొక్కేనికి ఒకటే గద్వాల చీర, అమ్మడానికి కాదు, చూపడానికి.
సంతకు వచ్చినప్పుడల్ల మా అమ్మ
కొనేది లేకున్నా లోపలికి పొయ్యి
ఆ కొంగు తలకు తగిలేటట్టు
నడిచి బయటికి వచ్చేది.

వీడియో హాలు రెండేండ్లు. దాని సంగతి మాకు తెల్వదు,
మమ్మల్ని పోనియ్యలే.

ఆ తర్వాత ఆదర్శ ట్యుటోరియల్,
పది తప్పినోళ్ళకు.
కొక్కేనికి ఫ్యాను, దాని కింద నేను.
అంజిలయ్య సారు బోర్డు మీద గీత గీసి
"సమీకరణం అంటే తరాజు,
రెండు దిక్కులా సమానం ఉండాలె" అన్నడు.
ఈ కొక్కెం కింద ఎన్నడన్న ఉండెనా సార్,
అడుగుదామనుకున్న.
పది పాసు కావాలె గద. అడగలే.

ఇప్పుడు సగం బిర్యానీ పాయింటు.
సగం నాది: జిరాక్సు, ఆధార్, పాసుబుక్కుల తప్పులు.
ఓనరు మనుమడు తెల్లటి సీలింగు కొట్టిపిచ్చిండు.
వెల్డింగు మొయిజ్ కొక్కెం కోస్తుంటే
రెండు బ్లేడ్లు విరిగినయి.
నిప్పురవ్వలు నా కాగితాల మీద పడ్డయి.
"దూలం తీస్తే తప్ప రాదు అక్కా,
లోపల్నే పుట్టినట్టుంది" అన్నడు.
కొక్కేన్ని అట్లనే ఉంచి
మీద తెలుపు మూసిండ్రు.

పోయిన వానలకు ఆ తెలుపు మీద
రూపాయి బిళ్ళంత తుప్పు మరక లేచింది.
రంగులాయన లీకేజీ అన్నడు.
తుడవనియ్యలే.

మొన్న ఒక ముసలాయన,
పట్టాల పేరు తప్పు పడ్డదని వచ్చిండు.
ముప్పై అయితది, నేను ముప్పై ఐదు చెప్పిన.
ఐదు ఎందుకంటే
"సర్వర్ డౌను తాతా, మళ్ళ మళ్ళ చెయ్యాల్సొచ్చె" అన్న.
"సర్వర్ యాడిది బిడ్డా,
నేనైతే చూడకపోతి" అన్నడు.

తల ఎత్తి మరకను చూసిన.
గల్లాపెట్టెల చెయ్యి పెట్టి
చిల్లర దొరకనట్టు
చానసేపు వెతికిన.