ఈ కంబంలో

పీణ్యా రెండో ఫేజులో, నయాజ్ భాయ్ పాత మిషన్ల కొట్లో
మూడు పిల్లర్ డ్రిల్లులు వరసగా నిలబడుకోని ఉన్నాయి.
ఒకదానికి కొత్త పచ్చరంగు. మాటిమాటికీ దాన్నే తుడుస్తున్నాడు.
రంగు చూడొద్దని తిప్పేస్వామి మేస్త్రి ముందే చెప్పినాడు.
బల్ల చూడమన్నాడు.

పచ్చదాని బల్ల నిండా గుంతలు.
కింద చెక్క పెట్టకుండా, లోతు కట్టకుండా
ఎవరో దించిన ప్రతిసారీ బిట్టు ఇనుములోకి దిగి వదిలిన మచ్చలు,
అమ్మవారు పోసిన మొహంలా.
ఎవడో తొందరగాడి చేతిరాత అది. చదువుకోని పక్కకొచ్చినా.

రెండోది, చక్కు పట్టుకోని ఊపితే
పాలపన్నులా కదిలింది.

మూడోదానికి రంగే లేదు. బెల్టు మూతకి సొట్ట.
ఊపితే ఉలకలేదు.
చక్కులో తిన్నటి కడ్డీ బిగించి చేత్తో మెల్లగా తిప్పినా.
కడ్డీ కొస గాలిలో సున్న చుట్టలేదు,
చుక్కలా ఒకేచోట నిలిచింది.
ఇరవై రెండు వేలన్నాడు. పంతొమ్మిదిన్నరకి ఆటో ఎక్కింది.

మిగిలిన డబ్బుతో రంగేయిద్దామనుకున్నా.
మేస్త్రి ఒప్పలేదు. "స్టార్టర్ మార్చు తాయీ.
కరెంటు పోయొస్తే మిషను తనంతట తాను లేవకూడదు.
నువ్వు బటన్ నొక్కి పిలిస్తేనే లేవాల."
గొణుక్కుంటూనే మార్పించినా.

నాలుగు బోల్టులతో దాన్ని నేలకు బిగించిన రోజు
మా ఓబులేసు, కదిరి పిల్లోడు,
గ్లౌజులు తొడుక్కోని వచ్చి నిలబడినాడు.
"తీసెయ్ రా."
"కోసుకుంటాది కదక్కా?"
"కోసుకుంటే కుట్లేయించుకోవచ్చు. గ్లౌజు కొస దాని నోటికి దొరికితే
గ్లౌజుతో ఆగదు, చెయ్యంతా అడుగుతాది."
మేకుకి తగిలించిన నా గాజులు చూపించినా,
టోపీలో దోపిన జడ చూపించినా.
కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పొడుగు చేతుల చొక్కా మోచేతి పైకి మడిచినాడు.
మణికట్టు మీద ఎర్రదారం బయటపడింది.
"ఇది మాత్రం తియ్యనక్కా. నరసింహస్వామి గుళ్ళో మా యమ్మ కట్టింది.
కంబం ముందర పని కదా, సామి ఉండాల."

ఏం చెప్పేది?
ఆ కంబంలో ఉన్నాడా లేడా అని
తండ్రీ కొడుకూ వాదులాడుకున్నారు.
ఈ కంబంలో వాదనేం లేదు. గోళ్ళున్నాయి.
నిమిషానికి ఎనిమిదొందల సార్లు తిరిగే గోళ్ళు.
భక్తుడా, రాక్షసుడా అని అడిగి దిగవు.

అయినా ఆ పొద్దు ఊరుకున్నా. తప్పు నాదే.
పని బాగానే పట్టుకున్నాడు.
పట్టీని వైసులో బిగిస్తాడు, వైసుని బల్లకి బిగిస్తాడు,
చక్కు తాళం తీసి జేబులో వేసుకున్నాకే బటన్ నొక్కుతాడు.
బిట్టు ఆవలికి తేలే ముందు శబ్దం మారతాది,
అప్పుడు పిడి మీద చెయ్యి తేలిక చెయ్యాలని
నేను చెప్పకముందే చెవితో కనుక్కున్నాడు.

సాయంత్రం, పగలూ కాదు రాత్రీ కాదు,
సగం చిల్లులో కరెంటు పోయింది.
చీకట్లో బిట్టు చుట్టూ చుట్టుకున్న ఇనుప సుడిని
వట్టి వేళ్ళతో లాగుతున్నాడు వాడు.
ఎర్రదారం సుడికి తగులుకోని ఉంది.

కరెంటొచ్చింది.
పక్క షెడ్డులో లేతు అరిచింది, ఎదురుగా కంప్రెసర్ దగ్గింది,
వీధి వీధంతా ఒక్కసారి ఊగింది.
మాది మాత్రం లేవలేదు.
వాడు చెయ్యి తియ్యడం మర్చిపోయి
అట్లే చాలాసేపు నిలబడినాడు.
నా నోట మాట రాలేదు.

తర్వాత దారం తనే విప్పుకున్నాడు, పళ్ళతో ముడి లాగి.
నా గాజుల పక్కన మేకుకి తగిలించినాడు.
కళ్ళకద్దుకున్నాడో లేదో నేను చూడలేదు.

"బ్రష్షు ఏడుందక్కా?" అన్నాడు.