దొంగ కొలత

సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కినప్పుడల్లా
కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని తెస్తాను,
బడికి రానని మొరాయించే పిల్లాణ్ణి తెచ్చినట్టు.
టిక్కెట్టు కుర్రాడు ఒక్కరికే డబ్బులు తీసుకుంటాడు.

అవతల నరసాపురం.
ఆస్పత్రి మేడమీద గదిలో
నఫీసా నా కళ్ళకి డబ్బా కడుతుంది.
గానుగెద్దుకి గంతల్లా ఉన్నాయే అంటే,
"ఎద్దుకి ఏమీ కనపడకూడదని కడతారు మామ్మా,
మీకు లేనిది కనపడాలని కడుతున్నా" అంది.
మాటకారి.

లోపల బల్ల. బల్ల మీద ఎర్రటి యాపిల్ పళ్ళు.
కిటికీలో మంచుకొండ.
ఏటిగట్టు కంటే ఎత్తైంది ఎరగని దాన్ని,
మెడెత్తి చూస్తే ఒళ్ళు తూలింది.
గాలిలో ఓ చెయ్యి తేలుతోంది
నున్నగా, నరం లేకుండా.
ఎవరిదమ్మా ఇది?
మీదే మామ్మా.
నలభై ఏళ్ళు లేసు అల్లిన చెయ్యి అలా ఉంటుందా?
సూది రాపిడికి మధ్యవేలు కాయ కాచి ఉండాలి,
దారం చుట్టిచుట్టి చిటికెనవేలికి నొక్కు పడాలి.
సరే, అరువు చెయ్యి అనుకున్నాను.

పండు తీసి బుట్టలో వెయ్యమంది.
భుజంలోంచి, మోచేతిలోంచి,
కాలవ శివారు చేలోకి నీళ్ళొచ్చినట్టు
వచ్చీ రాక, వచ్చీ రాక
వేళ్ళు కదిలేయి.
అరువు చెయ్యి చటుక్కున పండు పట్టేసింది!
గంట మోగింది. నక్షత్రాలు రాలేయి.
పక్క కుర్చీలో రొయ్యల చెరువు వీర్రాజుగారు
ఒంటిచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టేరు.

మూడో రోజుకి అనుమానం వచ్చింది.
దారం ఉండ అరచేతిలో పెడితే
ఎన్ని గజాలు తక్కువో చెప్పే మనిషిని.
ఏజెంటు తన పొడుగు మోచేత్తో మూరలేసి
మా నాలుగు మూరల లేసుని మూడున్నర చేసేవాడు.
కొలతలో మోసం నాకు ఒంట్లో తెలుస్తుంది,
ముసురు ముందు కీళ్ళకి తెలిసినట్టు.
"అమ్మాయ్, నేను బెత్తెడు కదిపితే
అది జానెడు కదుల్తోందేంటి?"

నఫీసా కాసేపు మాట్లాడలేదు.
"కావాలనే పెట్టాం మామ్మా.
అందిందనుకుంటేనే కదా
మళ్ళీ చాపాలనిపించేది."

పుట్టి బుద్ధెరిగేక
నావైపు మొగ్గిన తూకం అదొక్కటే.
ఆ రాత్రి నవ్వొచ్చింది,
లైటార్పేక ఏడుపూ వచ్చింది.
మర్నాడు చెప్పేను:
"తగ్గించు. రోజుకి కాస్త. నాకు చెప్పి తగ్గించు."

పన్నెండు వేళ్ళ జాన పదయింది, ఎనిమిదయింది,
ఆరు దగ్గర మొండికేసింది.
పళ్ళు జారి దొర్లిపోయేయి, చప్పుడైనా లేకుండా.
వీర్రాజుగారు ఒకరోజు రాలేదు, తరవాత వారమూ రాలేదు,
ఆయన కుర్చీలో ఎవరో కొత్తాయన.
వరదకి పంటి ఆపేసిన పదకొండు రోజులూ
అరుగు మీద కళ్ళు మూసుకుని
లేని పళ్ళు లేని బుట్టలో వేసేను.
పక్కింటి బేబీసరోజిని నాకు గాలి సోకిందనుకుంది.

కార్తీకంలో ఒకనాడు
బెత్తెడుకి బెత్తెడే.
నఫీసా డబ్బా విప్పి నా మొహం తుడిచింది,
చెమటో ఏంటో.

నిన్న పంటి మీద సంచీలోంచి కొంకి సూది తీసేను.
ఇంజను అదురుకి రెండుసార్లు జారింది,
మోటారుసైకిలాయన కాలితో ఆపి తీసిచ్చేడు.
మూడోసారి దారం కొంకికి తగిలింది,
లోపలికెళ్ళింది, బయటికొచ్చింది.
గొలుసు కుట్టు.
ఒకటి. రెండు. ఐదు.
వదులుగా, వంకరగా.
ఏజెంటు చూస్తే దారం ఖరీదు కూడా కోసేవాడు.

లేసుకి ఓ గుణం ఉంది,
కొస పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది.
రెండేళ్ళ కిందట నన్నూ అలాగే లాగేరెవరో,
పెరట్లో, అంట్ల దగ్గర, నోట్లో మాట నోట్లో ఉండగా.
ఈ ఐదు కుట్లూ మాత్రం నేనే లాగేను.
దారం పాడవలేదు. కాస్త ముడతలు పడిందంతే.

వసిష్ఠ మీద ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది.
పంటి ఒడ్డుకి కొట్టుకుంది,
బళ్ళన్నీ ఒక్కసారి మోగేయి.
"దిగాలి మామ్మా" అన్నాడు టిక్కెట్టు కుర్రాడు.
ఉండరా అబ్బాయ్,
ముడి పడనీ.