ఆకుపచ్చ మడమ

అన్నకి చలి తెలీదు.
మా గోయా ఊళ్లో నడి జూన్‌లో కూడా
పరానా నది మీంచి వచ్చే గాలికి
ఓ ముతక చొక్కా చాలు.
పంతొమ్మిదేళ్ల ఎలెవుతేరియోని తీసుకెళ్లి
చెట్టన్నదే మొలవని దీవుల్లో దింపారు.

ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది.
"అమ్మా, ఇక్కడి నేల పిండని గుడ్డ.
గొయ్యి తవ్వితే నీళ్లే ఊరుతున్నాయి.
బూట్లు ఆరవు. మేజోళ్లు పంపు.
నెలిదాని నా వల జోలికి పోవద్దను."

ఆ రాత్రే అమ్మ సూదులు తీసింది.
రెండో మేజోడు మడమ దగ్గర
బూడిదరంగు ఉన్ని అయిపోయింది.
దీపం కింద అటూ ఇటూ చూసి
నా బడి స్వెటర్ ఎడమ చేతిని విప్పేసింది.
నాకు పదకొండేళ్లు. కాళ్లు నేలకేసి కొట్టి ఏడ్చాను.
"వాడొచ్చి కొత్తది కొంటాడు, నోర్ముయ్" అంది,
దారం కొసని పళ్లతో తెంచుతూ.

ఆ చలికాలమంతా తెల్ల కోటు లోపల
ఒంటి చేతి స్వెటర్‌తో బడికెళ్లాను.
రెండోది ఏదని టీచర్ అడిగితే
యుద్ధానికెళ్లిందన్నాను.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాన్న పార్సెల్‌కి పడవ ముడి వేశాడు.
రసీదు నంబరు నాలుగు వందల పదిహేడు.

మా వీధి కాసిమీరో బతికొచ్చాడు.
"అతను పక్క గుట్ట మీద ఉండేవాడు" అని,
ఇంకేం చెప్పకుండా
మా పెట్టకోడి వంకే చూస్తూ కూర్చున్నాడు.
తర్వాత కాగితం వచ్చింది. దేహం లేదు.
కాగితాన్ని అమ్మ కుట్టుమిషను సొరుగులో పెట్టింది.
చచ్చేదాకా ఆమెకి ఒకటే మాట:
"తడి కాళ్లతో పోయాడు. మేజోళ్లు అందలేదు."

నాన్న ఏటా జూన్‌లో తల దువ్వుకుని
పోస్టాఫీసుకి వెళ్లేవాడు.
కొడుకేడని అడిగే నోరు రాక
పార్సెల్ ఏదని అడిగేవాడు.
గుమాస్తా దోన్ ఇలారియో ప్రతిసారీ
పెద్ద పుస్తకం తెరిచి, వేలితో వరసలన్నీ దిగి,
"ఇక్కడినుంచి వెళ్లింది" అనేవాడు.
"వెళ్లిందని నాకూ తెలుసు."
ఒకసారి కౌంటరు మీద గుద్దితే సిరాబుడ్డి ఒలికింది.
ఇలారియో రిటైరయ్యాక నాన్న ఆయన ఇంటికే వెళ్లేవాడు.
ఇద్దరూ మాతే తాగుతూ
చేపల ధరల గురించి మాట్లాడుకుని
చివర్లో, చెప్పులు వేసుకుంటూ, అడిగేవాడు.

ముప్పై ఆరేళ్లకి ఫోల్డరుతో మనుషులొచ్చారు.
అమ్మ పోయి తొమ్మిదేళ్లు. నాన్న అంతకుముందే.
అందుకని నా నోట్లోనే దూదిపుల్ల తిప్పారు.

మళ్లీ పిలిచినప్పుడు
బల్ల మీద గ్లాసుతో నీళ్లు.
ఓ అమ్మాయి కాగితపు రుమాళ్ల పెట్టెని
నా వైపు కొంచెం జరిపింది.
అప్పుడే తెలిసింది.
"ఫొటోలున్నాయి. చూడకపోయినా ఫర్వాలేదు" అంది.
చూశాను.

కుడి పాదానికి రెండు మేజోళ్లు.
పైది సైన్యం ఇచ్చింది.
లోపలిది, చర్మానికి ఆనుకున్నది, చేతి అల్లిక.
ఆ దీవి మట్టి అన్నింటికీ టీ రంగు పూసింది,
కానీ మడత లోపల, మడమ మీద,
గోరంత మేర
ఆకుపచ్చ.

ఏడవలేదు. నీళ్లు తాగాను.
"ఇది నాది" అన్నాను.
ఎముకల గురించి అనుకుని
ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

సమాధుల దగ్గరకి రేపు వెళ్తాను.
ముందు ఇలారియో ఇంటికి వెళ్లాను.
తొంభై దాటాయి, చెవులు లేవు.
రసీదు చేతిలో పెట్టి అరిచాను:
"అందింది! పార్సెల్ అందింది!"
కళ్లజోడు వెతుక్కుని,
నంబరు రెండుసార్లు చదివి,
తలెత్తాడు.
"సంతకం ఎవరు పెట్టారు?"

ఎందుకో ఎడమ మోచెయ్యి రుద్దుకుంటూ
అలాగే నిలబడ్డాను.