అదే మంగళవారం

సోంపేట బస్టాండులో కాయిన్ బాక్సు ముందు
అసిరిగాణ్ణి నిలబెట్టి పంతొమ్మిదేళ్లు.
అప్పుడు పదేళ్లోడు. ఇంకా పదేళ్లోడే.
వారానికి నాలుగు గళ్లు గీస్తాను,
కథలో ఆ మంగళవారం పొద్దు వాలదు.

"హలో" అన్నది పసుప్పచ్చ డబ్బాలోకి.
"ఎవులూ?" అని అటునుంచి వినబడేసరికి
చేతిలో బటన్ల ఫోను.
"నాను మావా, అసిరిని" అనేలోగా
అద్దం ఫోను, మూల పగులుతో సహా.
పగులు నాదే, చూసి గీశాను.
డబ్బాలో వేసిన రూపాయి మాత్రం
ఇంకా అయిపోలేదు.

స్కానింగుకి ఇచ్ఛాపురం పరిగెత్తే పని లేదిప్పుడు.
పలక మీద గీస్తే
చెయ్యి వణికినచోట అదే సర్దేస్తుంది.
అదొక్కటే నచ్చదు.

ఆరో తరగతిలో నా బొమ్మలు చదివిన బృందావతి
మొన్న కొడుకుని తెచ్చింది.
అసిరిగాడి కన్నా జానెడు పొడుగు.
గడి మీద వేలుపెట్టి అడిగాడు:
"ఎనకాల ఇన్ని కొబ్బరిచెట్లేటి? ఎక్కడివి?"

తిత్లీకి మూడు వారాలు కరెంటు లేదు, బొమ్మ లేదు.
తర్వాత బస్సు రంగు మార్చాను,
గోడమీద సినిమా మార్చాను,
ఫోను ఎన్నిసార్లో.
చెట్ల జోలికి పోలేదు.

ఏం చెప్పాలో తెలీక
వాడి ముందే
ఇంకో గెల గీశాను.