ప వత్తు

మిట్టూరు నుంచి మురకంబట్టు దాకా
పొద్దన ఏడుగురు, మజ్జాన్నం అదే ఏడుగురు.
సంచులు టాపు మీద,
నీళ్ల బాటిళ్లు నా కాళ్ల కాడ,
ప్రణీల ఎప్పుడూ నా పక్కనే, సీటు అంచున.

ఒంటిపూట బడులు.
గంట కొట్టేదానికి ఇంకా టైముంది.
కాంపౌండు గోడ నీడలో ఆటో ఆపి
కిటికీ కింద బీడీ ముట్టించబోయి ఆగినా.
లోపల ధనభాగ్యం టీచరు
రోము పాఠం చెప్తా ఉంది.

తెల్లారకముందే బడంట ఆ ఊళ్లో.
దీపాల పొగకి గోడలు నల్లబారేవంట.
అంగడి ముందర వసారాలో ఒక తెర కట్టి
అదే బడి అనేవాళ్లంట.
తెర అవతల బేరాలు, బండి చక్రాలు,
ఇవతల పిల్లోళ్ల వల్లెవేత.
మన సంతపేట మాదిరే అనుకున్నా.
లెక్కలకి గులకరాళ్లు.
రాసుకునేదానికి కొయ్యపలక, దాని మీద మైనం.
ఇనప పుల్లతో గీస్తే అచ్చరం,
పుల్ల తిప్పి ఎడల్పాటి కొసతో రుద్దితే
ఏమీ రాయనట్టే.
బెత్తం మాత్రం యాడైనా బెత్తమే.

ఆ తర్వాత వచ్చింది వాడి సంగతి.
ఉన్నోళ్ల పిల్లోడి వెనకాల
పలకలు మోసుకుంటా నడిచే బానిస.
గ్రీకు దేశపోడంట, కొని తెచ్చినోడంట.
దోవలో పిల్లోడు చెడిపోకుండా చూసుకోవాల,
బడి విడిచేదాకా వెనక గోడకి ఆనుకుని కూచోవాల.
"వాడి పేరేంది టీచర్?" ఎవురో అడిగినారు.
"పుస్తకంలో లేదు" అని పేజీ తిప్పింది.

ఆరిపోయిన అగ్గిపుల్ల నా చేతిలోనే ఉంది.
గోడకి కూచున్నోడికి చెవులుంటాయి గదా,
అన్నేండ్లు విన్నోడికి
ఒక్క అచ్చరమన్నా అంటుకోలేదా?
ఇది ఎవురూ అడగలా.
నేను కిటికీ బయట ఉండా, నేనెట్లా అడిగేది?

నాది నాలుగో తరగతిలో ఆగింది.
ఆ ఎండాకాలం గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి కాయలు కడగను పోయినా.
బడి తెరిచినారు, కాయలు అయిపోలా.
సొన తగిలి వేళ్ల తోలు ఊడిపోయింది.
సంతకం పెడతాలే,
లైసెన్సు కోసం నేర్చుకున్న రెండు వంకర గీతలు.
అది పేరు కాదు.

పైవారం ప్రాజెక్టని ప్రణీల
పాత కొవ్వొత్తులు కరగబెట్టి
టిఫిను డబ్బా మూతలో పోసింది.
'రోములో పిల్లల చదువు' అని గీసి
నా ఆటోలోనే మరిచిపోయింది.
చిత్తూరు ఎండ గదా.
రోము కూలిపోయింది, చదువు జారిపోయింది,
'పిల్లల' అన్నది సగం మిగిలింది.

రాత్రి నీళ్లకుండ పక్కన పెట్టి గట్టిపరిచినా.
స్పూను వెనకతో సాపు చేసినా.
ఇంట్లో అందరూ పండుకున్నాక
ఆటో తాళంచెవి తీసుకున్నా.
మకి ఒత్వం యాడ తిప్పాలో
రెండుమార్లు చెరిపినా.
మైనం గీస్తే వచ్చే ఆ సన్నటి చప్పుడు
ఇంతవరకు వినలా నేను.
మొగిలప.

"ఎండకి కరిగిపోయిందమ్మా" అని ఇచ్చినా తెల్లారి.
మిగతాది చెప్పను నోరు రాలా.
ఆ పిల్ల చూసింది.
కోప్పడలా, నవ్వలా.
జామెట్రీ బాక్సులోంచి కాంపాసు తీసి
మూతని మోకాళ్ల మీద పెట్టుకుని
కడపటి అచ్చరం కింద
చిన్నగా, లోతుగా
ప వత్తు పెట్టింది.

"పోనియ్ అంకుల్, గేటేస్తారు."