పొర తీయడం

గూడూరు నుంచి సైదాపురం పోయే బస్సులో
కిటికీ పక్క సీటు దొరికితే
రోడ్డుకి రెండువైపులా మట్టి మెరుస్తుంటుంది.
కొత్తవాళ్లు తలలు బయటపెట్టి చూస్తారు.
కాకిబంగారం.
ఎత్తుకుపోయినా ఎవరూ అడగరు.

నేను రాసే వార్తలూ అట్లానే మెరిసేవి.
సెంటీమీటరుకి ఇంతని పత్రికవాళ్ల లెక్క.
మనిషి చచ్చిపోతే తుదిశ్వాస విడిచేవాడు,
చావు కంటే ఒక మాట ఎక్కువ.
వాన పడితే వరుణదేవుడు కరుణించేవాడు.
గుంపు ఎప్పుడూ జనసంద్రమే,
మా మండలంలో సముద్రం లేకపోయినా.

మొన్న మార్చిలో
గనిలో చరియ విరిగి చెంగయ్య పోయాడు.
ఆ సాయంత్రం పద్దెనిమిది సెంటీమీటర్లు రాశాను.
మృత్యుగుహ నోరు తెరిచిందన్నాను.
కుటుంబం శోకసంద్రంలో మునిగిందన్నాను.
అదే సముద్రం, మళ్లీ.

మా ఊళ్లో సిగ్నలు
మస్తానమ్మ పిన్ని షెడ్డు దగ్గరే దొరుకుతుంది.
గోనెపట్టా పరుచుకుని
ఎడంచేతిలో అభ్రకం పలక పట్టుకుని కూచోనుంది.
అంచున కత్తిమొన గుచ్చి చిన్నగా తిప్పితే
చప్పుడు లేకుండా పొర లేస్తుంది.
దాన్ని వాకిలి వెలుగుకి ఎత్తి
ఒక కన్ను మూసి చూస్తుంది.
మచ్చ ఉంటే కుప్పలోకి. లేకపోతే గంపలోకి.

పంపే ముందు ఆమెకి చదివి వినిపించాను.
మెచ్చుకుంటుందనే.

"బాగుందబ్బయా" అంది.
"ఇంతకీ చచ్చిపోయింది ఎవురు?"
"చెంగయ్య! మొదటి లైన్లోనే ఉంది కదా."
"మన చెంగయ్యా?
యాడా కనపళ్లేదే.
ఎవురో రాజు పోయినాడేమో అనుకున్నా."

ఒళ్లు మండింది నాకు.
ఆమెకి సంతకం రాదు.
పొరలు తీసీ తీసీ వేలిముద్ర కూడా అరిగిపోయింది,
రేషను మిషను ఆమెని మనిషి కిందే జమకట్టదు.
ఆమెకేం తెలుసు!

పంపకుండానే ఇంటికొచ్చాను.
రాత్రి ఫోను వెలుగులో
ఒక్కో మాటనీ ఎత్తి చూశాను.
మృత్యుగుహ అవతల ఏమీ కనపళ్లేదు. తీసేశాను.
శోకసంద్రం తీసేశాను.
నాలుగు సెంటీమీటర్లు, నలభై రూపాయలు.
'కష్టజీవి' దగ్గర ఆగాను.
నిజమే కదా?
నిజమే. కానీ అది సత్రం మంచం లాంటి మాట,
ఎవరైనా పడుకుని పోవచ్చు.

పొద్దున్నే మళ్లీ పోయి అడిగాను:
"చెంగయ్య ఎట్టాంటోడు పిన్నీ?"

"ఎడంచేతి వాటం. గడ్డపలుగు ఇచ్చినా ఆ చేత్తోనే.
బెల్లం కాఫీ అంటే పడేది కాదు.
మా మనవడికి ఈలెయ్యడం నేర్పించి
నా పానం తీసినాడు సచ్చినోడు" అని
నవ్వబోయి,
కత్తి చూసుకుంది.

అప్పుడు రాశాను:

గనిలో చరియ విరిగి దాసరి చెంగయ్య (41) చనిపోయాడు.
ఆయనది ఎడమచేతి వాటం.
నిచ్చెనకి తాడు కుడివైపే ఉంది.
తలకి టోపీ ఇవ్వలేదు.
అన్నం క్యారియరు మూత తీయకుండా ఇంటికి చేరింది.
ఆయన దగ్గర ఈల నేర్చుకున్న పిల్లవాడు
నిన్నటి నుంచి ఈల వేయడం లేదు.

చదివితే పిన్ని ఎవురని అడగలేదు.
చాలాసేపు పొర తీయలేదు.

మర్నాడు పేపర్లో మూడు లైన్లే వచ్చింది.
తాడూ లేదు, ఈలా లేదు.
హెడ్డింగు మాత్రం డెస్కువాళ్లు పెద్దక్షరాల్లో పెట్టారు:
మృత్యుగుహ.
ముప్పై రూపాయలు.

రాయడం నేర్చుకున్నానని చెప్పను.
నిన్ననే ఒక పెళ్లి వార్తలో
'అంగరంగ వైభవంగా' అని పడింది.
వెలుగుకి పెట్టి చూశాను. అంతా మచ్చే.
పెళ్లివాళ్లు ఆ మాట కోసమే
రెండుసార్లు ఫోను చేశారు.
ఉంచేశాను.

అది పంపడానికి మాత్రం
పిన్ని షెడ్డు దగ్గరికి పోలేదు.
ఎండలో సిగ్నలు వెతుక్కుంటూ
మెయిన్ రోడ్డు దాకా నడిచాను.